నాలుగు ప్లగ్గులు, నాలుగిళ్లు

ఆదివారం పొద్దున రాజనర్సు చేతిలో ఉన్నవి ఇవీ: కోరుట్లలో స్పేర్ పార్టుల దుకాణం, వెనక షెడ్డులో ఒక రోటరీ ఇంజను కారు, నాలుగు గంటలకు సిరిసిల్ల నుంచి రాబోయే బేరగాడు. కారు స్టార్టయితే అమ్ముడుపోతుంది. అమ్ముడుపోతే మేనల్లుడు కరుణాకర్‌కు వర్క్‌షాపు పడుతుంది. లేదంటే కరుణాకర్ మళ్లీ దుబాయి విమానం ఎక్కాలి.

అక్కడి గ్యారేజీలో మెకానిక్‌గా ఉన్న కరుణాకర్‌ను, కంపెనీ ఆర్నెల్ల జీతం ఎగ్గొట్టి మొన్ననే ఇంటికి పంపింది. ఉన్న కాసిని దిర్హాములతో అతను మామ కారుకని నాలుగు స్పార్క్ ప్లగ్గులు ఏరి తెచ్చాడు. రోటరీ ఇంజనుకు పిస్టన్లుండవు. లోపల తిరిగే రోటర్లు రెండు. ఒక్కోదానికి కింద ఒక ప్లగ్గు, మీద ఒక ప్లగ్గు. కిందిది వేరు, మీదిది వేరు. రాజనర్సు డ్రాయర్లలో బైకులవీ ఆటోలవీ గంపెడున్నా ఒక్కటీ దానికి పనికిరాదు.

"తే అల్లుడా, బిగిద్దాం" అన్నాడు రాజనర్సు.

కరుణాకర్ బ్యాగు బోర్లించాడు. రెండు షర్టులు, ఒక తువ్వాల పడ్డాయి.

"అవ్వా, గిండ్ల చిన్న డబ్బలు నాలుగుండె?"

"పంచిన" అంది వాళ్లమ్మ వెంకటవ్వ, బియ్యం చెరుగుతూనే. "దుబాయికెళ్లి అచ్చినోడు ఉత్త చేతులతోని అచ్చిండంటే నా ఇజ్జత్ ఏం గావాలె? సెంటు సీసలనుకొని ఇంటికొకటి ఇచ్చిన."

"ఏందియి అని ఎవ్వలు అడగలేదా అక్కా?" అన్నాడు రాజనర్సు.

"అడిగితే దుబాయి సామాను తెల్వదంటరని అందరు మస్తున్నయన్నరు."

మామాఅల్లుళ్లు బండెక్కారు. జగిత్యాలలో రాజనర్సు చెల్లెలు సాయవ్వ ప్లగ్గును దేవుడి అర్రలో కుంకుమ పెట్టి నిలబెట్టింది.

"పెట్టింది వాపసడుగుడు మన ఇంట్ల ఉన్నదా అన్నా?"

"అది కారుది చెల్లె."

"అయితే దుబాయి మెకానిక్‌ను మా బోరు మోటరు బాగజెయ్యుమను. గప్పుడిస్త."

నష్టపు బేరమే. ఒప్పుకోక తప్పలేదు. మోటరు తిరిగాకే ప్లగ్గు చేతికొచ్చింది. వాళ్లు మల్యాల చేరేలోపే ఈ బేరం సంగతి సాయవ్వ ఫోనులో అక్కడికి చేరింది. ప్లగ్గును బర్రె మెడకు దిష్టికి కట్టిన పాలోడు మొండయ్య, రేటు పెంచి మోపెడూ స్ప్రేయరూ బాగుచెయ్యమని ముందర పెట్టాడు. తిరిగి కోరుట్లకు వస్తే, రేణుక వదిన బీరువాలో చీరల మధ్య నుంచి మూడోది తీసింది.

"వాసన ఇంకా రాలే. పాతగైతే అస్తదనుకున్న" అంది, కుట్టుమిషను ముందుకు జరుపుతూ.

నాలుగోది బేరం కుదిర్చిన బావ నర్సింగం దగ్గరుండాలి.

"అది ఇచ్చేసిన బావా" అన్నాడు నర్సింగం గర్వంగా. "కారు కొనేటాయనకే. ఖుషీ అయితడని."

రాజనర్సుకు ప్రాణం లేచొచ్చింది. ప్లగ్గు తన కాళ్లమీద తానే వస్తోంది.

నాలుగింటికి బేరగాడు వచ్చాడు. కారు వైపు చూడలేదు. జేబులోంచి రుమాలు తీసి విప్పితే, తెల్లటి పింగాణీ రెండు ముక్కలుగా ఉంది.

"మూత రాకపోతే కటింగ్ ప్లేరు పెట్టి తిప్పిన సేటు. ఇరిగింది. చిన్న సీసనే గింత కచ్చగుంటే, నీ కారెట్లుంటదో" అని రుమాలు దులిపి వెళ్లిపోయాడు.

మర్నాడు దుకాణం తెరవడానికి వచ్చిన రాజనర్సుకు తాళం కనబడలేదు. సాయవ్వ ఇంటి పక్కవాళ్ల మోటర్లు మూడు, మల్యాల మోపెడ్లు రెండు, ఎవరివో తెలియని కుట్టుమిషన్లు నాలుగు షట్టరుకు అడ్డంగా ఉన్నాయి. కరుణాకర్ అప్పటికే ఒకటి విప్పుకుని కూర్చున్నాడు.

"దుబాయి ఏజెంటు ఫోన్ జేసిండు మామా. ఈ నెల తీరదని చెప్పిన."

రాజనర్సు మనసులో లెక్క వేశాడు. పోయినవి: ఒక ప్లగ్గు, ఒక బేరగాడు. దక్కినవి: ఊళ్లోనే ఉండే అల్లుడు, అడగకుండా పడ్డ వర్క్‌షాపు. పైగా బల్ల కొనే ఖర్చు కూడా తప్పింది. పానాలు, స్క్రూడ్రైవర్లు పరచుకోవడానికి కారు బానెట్ మంచి ఎత్తులో ఉంది.