రాయబారిని సాగనంపిన దేశం

దేశం మళ్ళీ పడమరకి జరిగిందని సోమవారం ఉదయం సర్వే శాఖ కనిపెట్టింది. ఈసారి ఇరవై గజాలు. చుట్టూ సముద్రమే కాబట్టి అడ్డేమీ తగల్లేదు. పడమటి తీరంలో నిలబడితే అవతల ఉన్న అగ్రరాజ్యం దీపాలు ఇప్పుడు కళ్ళజోడు లేకుండానే కనిపిస్తున్నాయి.

శాఖ నిబంధనల ప్రకారమే నడుచుకుంది. జరిగిన దూరాన్ని తాత్కాలికమైనదిగా భావించాలని సర్క్యులర్ వెళ్ళింది. పటాలు మళ్ళీ అచ్చువేయడం దండగ కనుక పటం చుట్టూ ఉన్న గీతను కొంచెం జరిపారు. విదేశాంగ శాఖ ఎప్పటిలాగే ప్రకటన ఇచ్చింది: మన విధానంలో అంగుళం కూడా మార్పు లేదు.

"జరిగితే ఏటైందండీ? మనతోపాటు మన ఇళ్ళూ జరిగాయి కదా," అన్నాడు సర్వే గొలుసు మోసే సన్యాసినాయుడు. "పొద్దున్నే పాల పేకెట్టొచ్చింది, పేపరొచ్చింది. ఇంకేటి కావాలి?"

సర్వే అధికారి వేదవల్లి నవ్వలేదు. తూర్పున, అగ్రరాజ్యానికి గిట్టని చిన్న దీవి దేశం ఒకటుంది. పాత స్నేహం కొద్దీ ఇక్కడి మంచినీళ్ళు సముద్రం మీది పైపులో అక్కడికి వెళతాయి. ఆ పైపు సాగినంతా సాగింది. ఇంకొక్కసారి దేశం జరిగితే తెగిపోతుంది. ఆమె చెల్లెలు హైమ కాపురం ఆ దీవిలోనే.

వేదవల్లి దర్యాప్తు మొదలుపెట్టింది. అగ్రరాజ్యం తాళ్ళు కట్టి లాగుతోందేమోనని పడమటి తీరమంతా వెతికించింది. తాళ్ళు లేవు. తూర్పు నుంచి ఎవరైనా తోస్తున్నారేమోనని నీళ్ళలోకి ఈతగాళ్ళని దింపింది. ఎవరూ లేరు. చివరికి తేలింది ఒక్కటే. అగ్రరాజ్యం రాయబారి విదేశాంగ మంత్రి భానుమూర్తిగారి దగ్గరికి కాఫీకి వచ్చిన ప్రతిసారీ దేశం జరుగుతోంది.

మంత్రిగారికి మర్యాద ఎక్కువ. వచ్చిన మనిషిని కుర్చీలోంచి లేవకుండానే పంపించేయడం వాళ్ళ ఇంటావంటా లేదు. మొదట్లో రాయబారిని గుమ్మం దాకా సాగనంపేవారు. తర్వాత మెట్ల దాకా, పడమటి గేటు దాకా, ఆ తర్వాత రోడ్డు మీద కారు దాకా. పనివేళల్లో మంత్రి గేటు బయట ఉండకూడదని నిబంధన. అందుకని ఆయన ఎంత నడిస్తే గేటు అంత ముందుకు జరిగేది. గేటుతోపాటు ప్రహరీ, ప్రహరీతోపాటు రాజధాని, దాని వెనకే మిగతా దేశం. నిబంధన మాత్రం ఏనాడూ తప్పలేదు.

వేదవల్లి ఇదంతా రాసి పైకి పంపింది. మర్యాద సర్వే శాఖ పరిధిలోకి రాదని జవాబొచ్చింది.

గురువారం రాయబారి మళ్ళీ వస్తున్నాడని తెలిసి ఆమే మంత్రిగారి గదికి వెళ్ళింది.

"ఇవాళ గుమ్మం దగ్గరే ఆగిపోండి సార్. పైపు తెగితే అక్కడ తాగడానికి చుక్క ఉండదు. మా చెల్లెలుంది."

"మీ చెల్లెలు నాకు మాత్రం పరాయిదా అమ్మా?" అన్నారాయన నొచ్చుకుంటూ. "గుమ్మం దాటను, చూస్తుండు."

రాయబారి వచ్చాడు. కాఫీ బాగుందన్నాడు. ఎండల గురించి మాట్లాడాడు. దీవి మాటే ఎత్తకుండా లేచాడు. మంత్రిగారు గుమ్మం దగ్గర ఆగి చేతులు జోడించారు. రాయబారి వెనక్కి తిరిగి చూడలేదు. మంత్రిగారు ఒక మెట్టు దిగారు. అప్పుడూ చూడలేదు. వేదవల్లి గబుక్కున ఆయన కండువా పట్టుకుంది. కండువా ఆమె చేతిలోనే మిగిలింది, ఆయన కారు దాకా నడిచారు.

గేటు కిర్రుమంది. కాళ్ళకింద నేల, స్టేషన్ వదిలే రైలులా మెల్లగా కదిలింది. లోపల గుమాస్తాలు తలెత్తకుండానే కాగితాల మీద చేతులు అదిమి పెట్టుకున్నారు.

వేదవల్లి ఫోన్ మోగింది.

"అక్కా, కుళాయి ఆగిపోయింది," అంది హైమ. "బిందె సగమే నిండింది. మీ వైపు ఏమైనా రిపేరా?"

వేదవల్లి నడిచి వెళ్ళి ఫోన్‌ని మంత్రిగారి చెవికి ఆనించింది. అక్కా, అక్కా అంటున్న గొంతుని ఆయన కాసేపు విన్నారు. తర్వాత, కారు వెళ్ళిన వైపే చూస్తూ అన్నారు:

"దేశాన్ని జరిపింది నేనేనమ్మా. లాగినవాళ్ళూ లేరు, తోసినవాళ్ళూ లేరు. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, అక్కడే ఆగిపోదామనుకుంటాను ప్రతిసారీ. తిరగడు. కోపమొచ్చిందేమో, కాఫీలో పంచదార తక్కువైందేమో అనుకుంటూ ఇంకో నాలుగడుగులు వేస్తాను. దీవికి నీళ్ళాపమని ఆయన ఎప్పుడూ అడగలేదు తల్లీ. అడిగుంటే, నీ మీదొట్టు, ముఖమ్మీదే కాదనేవాణ్ణి."