నూటికి నూరు పాళ్ళూ చూసిన ఊరు

పరదేశంలో ఒక ఊరు చూడాలంటే రెండు కాళ్ళు, ఒక చెవి, సంపూర్ణ విధేయత ఉండాలి. కళ్ళు ఐచ్ఛికం.

చెవిలో కథలు చెబుతూ ఊరంతా నడిపించే ఉచిత శ్రవణ నడకల యాప్ వారి నియమావళి సారాంశం ఇదే. మొత్తం నలభై ఒక్క నిబంధనలు, అడుగున ప్రధాన శ్రవణాధికారి సంతకం. ‘పైవన్నీ చదివాను’ అన్న గడిలో టిక్కు పెట్టేముందు నిజంగా చదివిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే. (మా ఇంట్లో సంతకం పెట్టేముందు కాగితం చదవగలిగిన మొదటి మనిషిని కూడా నేనే. ఆ హోదాకు కొన్ని బాధ్యతలుంటాయి.)

ఆఫీసువాళ్ళు నాలుగు రోజుల శిక్షణకు పంపితే నాన్నను వెంటబెట్టుకుని వెళ్ళాను. నాన్న ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. శిక్షణ అయ్యాక మాకు మిగిలింది ఒక్క పగలు. సాయంత్రం ఆరున్నరకు విమానాశ్రయానికి బయల్దేరాలి. ఆ పొద్దున హోటలు కిటికీలోంచి, నడుము దగ్గర మడత ఉన్న పొడుగాటి ఎర్ర బస్సొకటి మలుపు తిరగడం చూసి నాన్న తన కోరిక బయటపెట్టాడు.

“బుజ్జమ్మా, బతుకంతా బస్సులో నిలబడే తిరిగానే. ఇవాళ అందులో ముందు సీట్లో కూర్చుని చివరి స్టాపు దాకా పోవాలి. నేనెవర్నీ దిగమనను. నన్నే ఎవరైనా దిగమనాలి.”

“తప్పకుండా నాన్నా. యాప్ టూరు మూడు గంటలే. అయిపోగానే ఎక్కుదాం.”

“ముందు అదెక్కి, తర్వాత నడిస్తే?”

“పదిలోపు మొదలుపెట్టకపోతే ఇవాళ్టి హాజరు పడదు.”

“సరే డిగ్రీగారూ, నీ ఇష్టం” అన్నాడు నాన్న.

నా చదువంతా ఉచితమే. ఉచిత హాస్టలు, ఉచిత పుస్తకాలు. కాబట్టి ఉచితమంటే ఏమిటో నాకు బాగా తెలుసు. ఉచితమంటే హాజరు. తక్కువైతే భోజనంతో సహా అన్నీ ఆగిపోతాయి.

టూరులో నిలబడి వినాల్సిన స్టాపులు పంతొమ్మిది. ఇయర్‌ఫోన్ల జత ఒక్కటే కాబట్టి చెరో చెవిలో చెరొకటి పెట్టుకుని, మూరెడు వైరుతో ఒకరికొకరం కట్టేసుకున్నట్టు బయల్దేరాం. యాప్‌లోని గొంతు మాట్లాడే భాష నాన్నకు రాదు. ప్రతి వాక్యానికీ ఆపి, నేను తెలుగులో చెప్పాలి. అలా మూడు గంటల టూరు ఎనిమిది గంటలయ్యే సూచనలు రెండో స్టాపులోనే కనిపించాయి. (నియమావళిలో తండ్రుల ప్రస్తావన లేదు.)

ఐదో స్టాపులో ఒక ఫౌంటెను. ‘కళ్ళు మూసుకుని నలభై సెకన్లు నీటి సవ్వడి వినండి’ అంది గొంతు. ఫౌంటెను మరమ్మతులో ఉంది, దాని మీద టార్పాలిన్ కప్పారు. మేం కళ్ళు మూసుకున్నాం.

“కుళాయి కట్టేశారే” అన్నాడు నాన్న.

“ఇంకా పదిహేను సెకన్లు ఉంది, విను.”

తొమ్మిదో స్టాపులో, ఒకప్పుడు కోటగోడ ఉన్న చోట నిలబడమంది. ఎక్కడ నిలబడాలో చూపే నీలం చుక్క ఫోనులో ఒక సెలూను లోపల వెలుగుతోంది. గుమ్మం బయట నిలబడితే గొంతు నోరు మెదపలేదు. సహాయ విభాగానికి రాశాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది: ‘మీరు నిలబడిన చోట మీరు లేరు.’

లోపలికెళ్ళాం. చుక్క సరిగ్గా ఒక ఖాళీ కుర్చీ మీద ఉంది. నాన్నను కూర్చోబెట్టాను. సెలూనాయన మారుమాట లేకుండా నాన్న మెడకు గుడ్డ కట్టి, నురగ పూశాడు. చెవిలో కోట ముట్టడి జోరుగా సాగుతుండగా వాళ్ళిద్దరూ, ఒకరి భాషలో ఒకరికి ఒక్క ముక్క రాకపోయినా, చేతులు తిప్పుకుంటూ మోకాళ్ళ గురించి తెగ మాట్లాడేసుకున్నారు.

“ఈయనదీ నిలబడే ఉద్యోగమేనే! కుడి మోకాలట!”

“ష్, నాన్నా. రాజు లొంగిపోతున్నాడు.”

పద్నాలుగో స్టాపు ఒకే ఒక్క బండపలక. దాని మీద నిలబడితే తప్ప గొంతు పలకదు. అప్పటికే పదకొండు మంది, చెవుల్లో వైర్లతో, ఎవరి దేశం మౌనం వాళ్ళు పాటిస్తూ పలక చుట్టూ మూగి ఉన్నారు. నాన్న కాసేపు ఓపిక పట్టాడు. ఆ తర్వాత ఉద్యోగం గుర్తొచ్చింది.

“లోపలికి జరగండి, లోపలికి జరగండి! ఆ టోపీ అన్నా, విన్నావుగా, దిగు. అమ్మా, నువ్వెక్కు!”

తెలుగులోనే. అందరూ జరిగారు. టోపీ ఆయన దిగాడు కూడా. ప్రధాన శ్రవణాధికారి ఎన్ని నిబంధనలు రాసినా తేలని రద్దీ నాలుగు నిమిషాల్లో తేలిపోయింది.

ఇంతసేపూ ఆ ఎర్ర బస్సు మా పక్కనుంచే తిరుగుతోంది. నాన్న ప్రతిసారీ తల తిప్పి చూశాడు. నేను ప్రతిసారీ “అయిపోవచ్చింది” అన్నాను. పదహారో స్టాపు దగ్గర అది సరిగ్గా మా ముందే ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందు సీటు ఖాళీ. నాన్న మోకాలు పట్టుకుని నావైపు చూశాడు.

“మూడే ఉన్నాయి నాన్నా. మధ్యలో ఏ వాహనమెక్కినా మళ్ళీ ఒకటో స్టాపు నుంచి మొదలుపెట్టాలి. ఇరవై ఏడో నిబంధన.”

“మళ్ళీ ఒకటి నుంచా!” నాన్న నిజంగానే బెదిరిపోయాడు.

తలుపు మూసుకుంది. అలవాటు కొద్దీ నాన్న “రైట్ రైట్” అన్నాడు. బస్సు కదిలింది.

పంతొమ్మిదో స్టాపు ముగిసేసరికి ఆరూ ఇరవై. హోటలుకి పరుగెత్తి, పెట్టెలు లాక్కుని రోడ్డు మీదికొచ్చాం. విమానాశ్రయానికి వెళ్ళేదీ ఆ ఎర్ర బస్సే. చివరి స్టాపు విమానాశ్రయమే. నాన్న ముఖం వెలిగింది. ఎక్కాం. ముందు సీట్లో ఒకాయన, ఒడిలో ఆయన పెట్టె, రెండూ నిద్రపోతున్నట్టున్నాయి. మిగతా సీట్లూ నిండాయి. నాన్న రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు మేం పొద్దుట్నుంచీ నడిచిన దారినే పోయింది. ఎనిమిది గంటల టూరు పదకొండు నిమిషాల్లో కిటికీలోంచి జరిగిపోయింది. నాన్న ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడు.

“కట్టేసిన కుళాయి... మోకాలి ఆయన సెలూను... చూడు, ఇవాళ తలుపు తొందరగా వేసేశాడు... అదిగో, టోపీ అన్న దిగిన పలక...”

పంతొమ్మిదీ, వరస తప్పకుండా. నేను తొంగి తొంగి చూశాను. ఒక్కటీ గుర్తు పట్టలేకపోయాను. పొద్దుట్నుంచీ నేను చూసింది నీలం చుక్కను.

చివరి స్టాపు రాగానే, ఎవరూ దిగమనకముందే, నాన్నే అన్నాడు: “ఆఖరి స్టాపు, అందరూ దిగాలి.”

అప్పుడే ఫోను మోగింది. ప్రధాన శ్రవణాధికారి కార్యాలయం నుంచి సర్టిఫికెట్టు. హాజరు: నూరు శాతం. ఈ ఊరిని పూర్తిగా చూసినవారి సంఖ్య: ఒకరు.

లెక్క సరిగ్గానే ఉంది. పేరు మాత్రం పొరపాటున నాది పడింది.