పొయ్యి తలుపు తాడు

ఆ శుక్రవారం ఉదయం అస్లాక్ పెట్టుకున్న పని ఒక్కటే: బజారుకెళ్లి, ఇల్లు వెచ్చబెట్టే ఇనప పొయ్యి తలుపుకి తాడు కొనుక్కురావడం. పొగ బయటికి రాకుండా తలుపు అంచు వెంట అతికించే తాడది. మధ్యాహ్నంలోగా దాన్ని మార్చకపోతే పొయ్యి వాడకుండా సీలు వేస్తానని, పొగగొట్టాల తనిఖీకి వచ్చే సునీవా ఉత్తరం రాసింది. బయట చలి సున్నాకి ఇరవై రెండు డిగ్రీలు దిగువన ఉంది. పొయ్యేమో తాత చేతిమీదుగా వచ్చింది.

"తాడు నిక్షేపంగా ఉంటే మార్చడమేంటయ్యా?" అంది భార్య గుడ్రున్. "ఉత్తరం సాంతం చదివావా?"

"రెండు లైన్లకే ఒళ్లు మండింది, ఇంకేం చదవను! ఇదంతా ఆ ఐవిండ్‌గాడి చాడీలే!"

పొరుగింటి ఐవిండ్ కట్టెలు పేర్చేటప్పుడు బెరడు కిందికి పెడతాడు. అస్లాక్ పైకి పెడతాడు. ఆ ముక్క మీద ఇద్దరికీ ఎనిమిదేళ్లుగా పడదు. అస్లాక్ పొయ్యి ఆర్పి, ఆ కోపమంతా కత్తిలోకి దించి, పాత తాడుని పీచుపీచుగా గీకి పారేశాడు.

కొట్లో ఎదురుగా ఐవిండే ఉన్నాడు, చేతిలో తళతళలాడే ఇత్తడి చువ్వతో.

"చూశావురా? నిప్పులు కెలకడానికి. సునీవా నా పొయ్యిని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది, ఆ సంబరంలో కొంటున్నా. అవునూ, నీ పొయ్యికా తాడు? లావుది పట్టదు. సన్నది తీసుకో."

"బెరడు ఎటు పెట్టాలో తెలీని మొహానివి, నువ్వు నాకు చెప్పొచ్చావు!"

సన్నతాడు వైపు వెళ్తున్న చెయ్యి అక్కడే ఆగింది. కొట్లో ఉన్నవాటిలోకెల్లా లావుపాటి తాడు కొన్నాడు అస్లాక్.

ఇంటికొచ్చి అది అతికిస్తే తలుపు మూసుకోలేదు. మోకాలితో నొక్కాడు. భుజంతో తోశాడు. ఐవిండ్ మొహం తలుచుకుని ఒక్క తన్ను తన్నాడు. కీలు విరిగి తలుపు నేలమీద పడింది.

"చాలా, ఇంకో తన్ను మిగిలిందా?" అంది గుడ్రున్.

రెండింటికి సునీవా బండి ఐవిండ్ ఇంటివైపు తిరుగుతుంటే అస్లాక్ మంచులో అడ్డంగా నిలబడ్డాడు. "నువ్వే కదమ్మా నా కొంప ముంచింది! ఇదిగో నీ ఉత్తరం!"

సునీవా కవరు తిప్పి చూసింది. "బాబాయ్, దీనిమీద ఐవిండ్ గారి పేరుంది. నీకు రాసింది వేరు. నీ పొయ్యి అంత బాగున్నది ఈ లోయలోనే లేదని రాశాను."

రోడ్డు పక్కన ఇద్దరి టపా పెట్టెలూ ఆనుకునే ఉంటాయి. ఒకరిది ఇంకొకరి పెట్టెలో పడింది. ఇద్దరూ పేరు చూడకుండానే చించారు.

"అయితే నాది బాగున్నట్టేగా?" అన్నాడు అస్లాక్, ఆశగా.

"పొద్దున్నవరకూ." లోపలికొచ్చి, నేలమీది తలుపు చూసి, సునీవా సీలు వేసింది. ఆ తర్వాత, తాడు మార్చని ఐవిండ్ పొయ్యికీ వేసింది.

సాయంత్రానికి ఐవిండ్ వణుకుతూ వచ్చి తలుపు కొట్టాడు. గుడ్రున్ అటకమీది కరెంటు హీటరు దించి ఇద్దరి మధ్యా పెట్టింది. అసలు కరెంటు వేడి కూడా ఒక వేడేనా అని ఇద్దరూ ఎనిమిదేళ్ల తర్వాత ఒక్క మాట మీద నిలబడ్డారు. దానికి దగ్గరగా ఎవరు కూర్చోవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.