ఓడని జట్టు, గీయని గడ్డాలు

ప్రపంచంలో ఏ ఐస్ హాకీ జట్టుకూ దక్కని ఘనత మన సెంట్-ఆద్రియెన్ గుడ్లగూబల జట్టుకు దక్కింది. పధ్నాలుగు నెలలుగా మనవాళ్ళు ఒక్క ఆట కూడా ఓడలేదు. ఒక్క గోలు కూడా సమర్పించుకోలేదు. ఇంతకన్నా గొప్ప సీజన్ ఏ ఊరికైనా ఉందా, చెప్పండి?

ఆడితే కదా ఓడటానికి, అని గొణిగేవాళ్ళున్నారు. ఒకరి సంతోషం చూసి ఓర్చుకోలేనివాళ్ళు మన ఊళ్ళో మాత్రం తక్కువా?

జరిగింది మీకు తెలిసిందే. నిరుడు ఏప్రిల్లో ఫైనల్. నాలుగు ఆటలు ముందు గెలిచినవాళ్ళదే కప్పు. మూడు మనం గెలిచాం, మూడు నది అవతలి పోర్-మెర్సియే వాళ్ళు గెలిచారు. ఏడో ఆట శనివారం. శుక్రవారం పొద్దున్నే జట్టు యజమానిగారు ఆటగాళ్ళనీ, స్కేట్లనీ, ఆఖరికి గోలు వలలనీ లారీ ఎక్కించి దక్షిణాదికి తీసుకుపోయారు. అక్కడ మంచు ఫ్రిజ్‌లో తప్ప కనబడదట. పోతూ పోతూ స్టేడియానికి తాళం వేసి, తలుపు మీద నోటీసు అంటించారు. "ఏడో ఆట తదుపరి ప్రకటన వరకు వాయిదా."

గమనించారా? వాయిదా అన్నారు, రద్దు అనలేదు. అంటే సీజన్ ఇంకా నడుస్తున్నట్టే. ఇక మన ఆచారం సంగతి చెప్పాలా? ఆఖరి పోటీలు మొదలయ్యాక జట్టు కప్పన్నా తేవాలి, ఓడి ఇంటికన్నా రావాలి. అందాకా ఆటగాడైనా అభిమానైనా గడ్డం గీయడు.

దీనివల్ల ఒనగూడిన లాభాలు ఒకటా రెండా? మంగలి ఫెర్నాండ్ దుకాణం మూసి, జీవితంలో మొదటిసారి చేపలు పట్టడం నేర్చుకున్నాడు. బఠాణీ సూపు సగం గడ్డానికే పోవడంతో ఊళ్ళో పొట్టలు తగ్గాయి. లైసెన్సు ఫొటోలు చూసిన అధికారి, ఒకే మనిషి ఊరంతటి పేర్లతో ఇన్ని దరఖాస్తులు ఎందుకు పెట్టాడని ఉత్తరం రాశాడు. మొన్న చర్చి మెట్ల మీద ఒక చిన్నపిల్ల తాతయ్యనుకుని నా చెయ్యి పట్టుకుని మా ఇంటిదాకా వచ్చేసింది. ఇంతటి ఐకమత్యం ఎన్నికలప్పుడైనా చూశామా?

ఇంత మంచి సీజన్ మీద ఫిర్యాదు చేసినది ఒక్కరే. రోలాండ్ తిబో. ఆవిడ భర్త ఓవిడ్ ముప్ఫై ఒక్క ఏళ్ళు మన స్టేడియంలో మంచు పరిచిన మనిషి. ఆయన దవడ కింద కణితి వచ్చింది. అది గడ్డం చాటున ఎన్నాళ్ళ నుంచి పెరుగుతోందో ఎవరికీ తెలియదు. వెంటనే కోసి తీసేయాలన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో గడ్డం గీయడానికి నర్సు సబ్బు నురగతో వచ్చింది. ఓవిడ్ దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"సీజన్ అయిపోలేదమ్మా."

"ఆటే లేదు, సీజన్ ఎక్కడిది తాతా?"

"నోటీసు చదవలేదా? వాయిదా అని రాసుంది. ఇప్పుడు గీశాననుకో, రేపు ఆ ఏడో ఆట ఓడితే ఊళ్ళో నా మొహం ఎవరికి చూపించను?"

"మొహం ఉంటే కదా చూపించడానికి," అంది రోలాండ్. "నలభై నాలుగేళ్ళు నా మాట విన్లేదు. ఆ కాగితం ముక్క మాట వింటున్నాడు చూడు."

నర్సు నురగ గిన్నె పట్టుకుని వెనక్కి పోయింది. ఆపరేషన్ ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. వాయిదాలంటే మన ఊరికి అలవాటేగా. మూడోసారి వాయిదా వేస్తే తాము చేసేదేమీ ఉండదని డాక్టర్లు చెప్పేశారు. వసారాలోకి వచ్చాక రోలాండ్ నా కోటు పట్టుకుంది.

"పేపర్లో రాస్తావు కదయ్యా. మనవాళ్ళని ఓడిపోమని రాయరాదూ?"

ఆవిడకి గట్టి జవాబు ఇద్దామనే ఈ వారం కలం పట్టాను. ఓడని జట్టు గొప్పతనం గురించి పైన మీరు చదివినదంతా అందుకు రాసినదే. తీరా ఇక్కడిదాకా వచ్చాక ఏం రాయాలో తోచడం లేదు. నా గడ్డం కూడా రెండో గుండీ దాటింది.

కాబట్టి యజమానిగారూ, మా పేపరు మీరు ఇప్పటికీ అక్కడికి తెప్పించుకుంటారని విన్నాను. జట్టును వెనక్కి పంపమని అడగడం లేదు. ఆట కూడా అక్కర్లేదు. ఏడో ఆటలో సెంట్-ఆద్రియెన్ ఓడిపోయిందని ఒక్క ముక్క రాసి పంపండి, తలుపు మీద మేమే అంటించుకుంటాం. తొమ్మిది-సున్నా అని రాసినా సరే, నమ్ముతాం. కింద మీ సంతకం ఉంటే ఓవిడ్ కూడా నమ్ముతానన్నాడు.

ఆపరేషన్ గురువారం పొద్దున. బుధవారం ఫెర్నాండ్ దుకాణం తెరిచి కూర్చుంటాడు.