ప్లగ్గు విరిగిన ఆదివారం

ఆ ఆదివారం ఉదయం బ్యాంకు ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. తన కారు ఇంజనులోంచి ఒక్క వైరు పీకి జేబులో వేసుకోవడం, అంతే. పదింటికి కారు కొనే ఆయన వస్తాడు. తాళం తిప్పుతాడు. కారు కిక్కురుమనదు. మొహం చిట్లించుకుని వెళ్ళిపోతాడు. ఆ తరువాత వైరు మళ్ళీ తగిలించుకుంటే సరి, కారు తనకే మిగులుతుంది.

అది ఎర్రటి పాత స్పోర్ట్సు కారు. దానిలో సీట్లు రెండు, ఇంట్లో మనుషులు నలుగురు. కుటుంబమంతా ఎక్కడికైనా వెళ్ళాలంటే ఆయన కారులో బయలుదేరేవాడు, భార్యాపిల్లలు బస్సులో బయలుదేరేవారు. బస్సే ముందు చేరేది. సెలవు దొరికితే చాలు, ఆయన దాని కిందకి దూరేవాడు. వీధిలోవాళ్ళకు ఆయన ముఖం కన్నా పాదాలే బాగా పరిచయం. బ్యాంకులో ఆయన మాట వినే వస్తువు ఒక్కటీ లేదు. నిజానికి ఈ కారు కూడా వినేది కాదు, కానీ దీని మీద ఆయనకు కోపం వచ్చేది కాదు. అలాంటి కారును అమ్మి అందరూ పట్టే బండి కొనాలని భార్య పట్టుబట్టింది. ఆవిడ మాటలో న్యాయం ఉంది. అదే ఆయన ఏడుపు.

కారు షెడ్డులో బానెట్టు ఎత్తి వైరు మీద చెయ్యి వేశాడో లేదో, భార్య కాఫీ కప్పుతో వచ్చి వెనక నిలబడింది.

"ఏం చేస్తున్నారండీ?"

"ఏం లేదు... ప్లగ్గులు శుభ్రం చేద్దామని."

ఆవిడ ఈయన అలుగుతాడనీ, అడ్డం పడతాడనీ అనుకుంది కానీ, చేజారిపోయే కారును ఇలా ముస్తాబు చేస్తాడని కలలో కూడా అనుకోలేదు. కాఫీ కప్పు ఆయన చేతిలో పెట్టింది.

"మీ మనసు నాకు ఇన్నాళ్ళూ తెలీలేదండీ. ఉండండి, తమ్ముణ్ణి పిలుస్తాను. మీరొక్కరే ఎంతని కష్టపడతారు?"

"వద్దొద్దు! వాడెందుకు?"

"మొహమాటపడకండి," అని ఆవిడ అప్పుడే ఫోను తీసింది.

బావమరిది ఆ వీధి చివరే ఉంటాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. వారమంతా ఇతరుల ప్రమాదాల గురించి రాసీ రాసీ, ఆదివారం తనే ఒకటి చెయ్యాలని చేతులు దురదపెట్టే రకం. కాఫీ చల్లారకముందే టూల్ బాక్సుతో దిగిపోయాడు.

"జరుగు బావా. ప్లగ్గులేగా!"

"ఒరేయ్, నేను చూసుకుంటాను. నువ్వెళ్ళి పేపరు చదువుకో."

"అక్క అంతా చెప్పింది. నువ్వేం మాట్లాడకు బావా, నీకు బాధగా ఉంటుంది."

మూడు ప్లగ్గులు మర్యాదగా ఊడి వచ్చాయి. నాలుగోది రానంది. బావమరిది పానాకు ఒక పొడుగాటి ఇనప గొట్టం తొడిగి, కాలు గోడకు తన్నిపెట్టి లాగాడు. టక్కుమంది.

"బావా," అన్నాడు చేతిలోని ముక్కను చూస్తూ, "నాలుగోది రెండయింది."

మిగతా సగం ఇంజనులోనే ఉండిపోయింది. ఆఫీసరు వంగి ఆ కన్నంలోకి చూశాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే. ఇక్కడితో ఆపమందామంటే గుమ్మంలోంచి భార్య తొందర పెడుతోంది: "కానివ్వండి, ఆయనొచ్చే టైమవుతోంది!" నిజం చెబుదామంటే అసలు బానెట్టు ఎందుకు ఎత్తాడో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. అయినా కన్నబిడ్డలాంటి ఇంజనులో విరిగిన ముక్కను వదిలెయ్యడానికి ఆయనకు చేతులు రాలేదు.

ముక్క బయటికి రావాలంటే ఇంజను పైమూత, మెకానిక్కులు హెడ్డు అనేది, విప్పాలి. అది విప్పాలంటే రేడియేటరులో నీళ్ళు తీసెయ్యాలి. ఆఫీసరు బకెట్టు కోసం వెళ్ళి వచ్చేలోపు బావమరిది గొట్టం పీకేశాడు. పచ్చటి నీళ్ళు షెడ్డంతా పారాయి. తరువాత హెడ్డుకు బిగించిన పొగగొట్టం సైలెన్సరుతో సహా అడ్డం వచ్చింది. కిందటేడు ఆఫీసరు ఎంతో ముచ్చటపడి బిగించుకున్న వెడల్పాటి సైలెన్సరు అది. నట్లు రాకపోతే బావమరిది సుత్తితో మాట్లాడాడు. అది ఊడి ఆఫీసరు కాలి మీద పడింది.

"పోయింది! అంతా పోయింది!" అని ఆయన అరిచాడు.

భార్య లోపలి నుంచే ఓదార్చింది. "పోనివ్వండి, వస్తువే కదా! మన ఆరోగ్యాలు బాగుంటే చాలు!"

చివరికి ఇద్దరూ కలిసి హెడ్డు పైకెత్తారు. అప్పుడు ఇంజను లోతుల్లో ఎక్కడో టింగుమంది.

"ఏం పడిందిరా?"

"ఏం పడలేదు."

"మరి ఆ చప్పుడేమిటి?"

"నట్టు పడితే ఆ మాత్రం చప్పుడు రాదా బావా?"

ఆఫీసరు తడి నేల మీద చతికిలబడ్డాడు. చుట్టూ బోల్టులు, గొట్టాలు, మూతలు. ఏది ఎక్కడిదో ఆయనకే తెలియదు. ఒక్క వైరుతో పోయేదాన్ని ఇంతదాకా తెచ్చాడు. కాపాడుకుందామని మొదలుపెట్టి తన చేతులతో తనే చంపుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ దుఃఖంలోనే ఒక్క ఆలోచన మాత్రం మినుకుమంది: ఈ స్థితిలో దీన్ని పగవాడు కూడా కొనడు. ఎన్నేళ్ళు పట్టినా సరే, మెల్లగా బిగించుకోవచ్చు.

అప్పుడే గేటు చప్పుడయింది.

కొనడానికి వచ్చినవాడు పళ్ళ డాక్టరు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, ఏ ఆశా లేని ముఖం. భార్య సిగ్గుతో చితికిపోతూ వెంట వచ్చింది. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా నడిచిందండీ, ఒట్టు!" అంటోంది.

డాక్టరు షెడ్డులోకి తొంగిచూశాడు. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. తెల్ల ప్యాంటుతోనే ఆ పచ్చ నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"హెడ్డు దించేశారా!"

"దించేశాం," అన్నాడు ఆఫీసరు ఉత్సాహంగా. "లోపల ప్లగ్గు విరిగిపోయింది."

"నిజంగా?"

"నట్టు కూడా పడింది. ఎక్కడుందో తెలీదు."

"అబ్బ!"

"సైలెన్సరు ఊడింది. ఇది ఇక బాగుపడదు డాక్టరుగారూ. మిమ్మల్ని మోసం చెయ్యడం నాకిష్టం లేదు."

డాక్టరు లేచి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మేడమ్ ఫోనులో బాగా నడుస్తోందనేసరికి నా ప్రాణం ఉసూరుమందండీ. వస్తానన్నాను కాబట్టి వచ్చాను గానీ, ఏదో వంక చెప్పి వెళ్ళిపోదామనే అనుకున్నా. నడిచే కారు నాకెందుకు? అది మా ఆవిడకుంది. వారమంతా జనం నోళ్ళలో చేతులు పెట్టేవాణ్ణి. ఆదివారమైనా 'అబ్బా' అని అరవనిదాన్ని విప్పుకోవాలని నా కోరిక. దీన్ని ఇప్పుడే తీసుకెళ్తాను!"

ఆఫీసరుకు విషయం మెల్లగా ఎక్కింది. ఉదయం బానెట్టు ఎత్తకుండా హాయిగా నిద్రపోయి ఉంటే, కారు ఇప్పటికీ తనదే.

"ఒక్క గంట ఆగండి!" అని పానా అందుకుని ఇంజను మీదికి ఉరికాడు. "ఒక్క గంటలో బాగుచేస్తాను! పరుగెత్తిస్తాను!"

"వద్దు! దయచేసి చెయ్యి వెయ్యకండి!" డాక్టరు రెండు చేతులూ చాచి కారుకు అడ్డం నిలబడ్డాడు.

భార్య పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "చూశావురా తమ్ముడూ? అమ్మేశాక కూడా బాగుచేసే ఇవ్వాలంటున్నారు మీ బావ. ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతారు?"

డాక్టరు క్షణం ఆలస్యం చెయ్యలేదు. అక్కడికక్కడే ఫోను చేసి, పాడైన కార్లను లాక్కెళ్ళే బండిని రప్పించాడు. విడిభాగాలన్నీ బకెట్లలో, తొట్టెల్లో వేసి ఎక్కించాడు. ఎర్ర కారు గేటు దాటి మలుపు తిరిగేదాకా ఆఫీసరు చేతిలో పానాతో అలాగే నిలబడ్డాడు. ఆయన చేతుల్లో ఆ కారు బాగుపడుతుందని నిజంగా భయపడిన మనిషి ఈ లోకంలో ఆ పళ్ళ డాక్టరు ఒక్కడే.