మామ్మగారు ఎన్ని నిమిషాలు పడుకున్నారు?

గత శుక్రవారం ఉదయం ఆటలో నేను నలభై ఒక్క నిమిషాల పాటు నిద్రపోయినట్టు అధికారికంగా ధ్రువపడింది. ఇద్దరు పరిశీలకులు సంతకాలు చేశారు. ఫోటోలు కూడా ఉన్నాయి. ఒకదాంట్లో నా నోరు తెరుచుకునే ఉంది. కాబట్టి ఈ విషయంలో ఎవరూ అనుమానం పెట్టుకోనక్కర్లేదు. సినిమా ఫ్లాప్.

సంగతి తెలియనివాళ్ళు ఒకరిద్దరు ఇంకా మిగిలి ఉంటారు గనక మొదటినుంచీ చెబుతాను. నాకు సినిమా అంటే ప్రాణం. చదివింది మూడో తరగతే గానీ, ఊహ తెలిసిన దగ్గర్నుంచి చూసిన ప్రతి బొమ్మా కథతో సహా, పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో, ఇంటర్వెల్లో ఎవరితో ఎవరు పోట్లాడుకున్నారో కూడా చెప్పగలను. మా పెద్దవాడు కడుపులో ఉండగా ఒకసారి రీలు కాలి, తెర మీద హీరోయిన్ ముఖానికి నల్లగా చిల్లు పడింది. జనమంతా లేచిపోయారు. నేను మాత్రం కూర్చుని మిగతా కథ ఇలా ఉంటుందని పక్కావిడకి చెప్పాను. మర్నాడు వెళ్ళి పూర్తిగా చూశాను. నా కథే నయం.

అయితే నాదొక గుణం. బొమ్మ విసుగు పుట్టిస్తే కునుకు పడుతుంది. యాభై ఏళ్ళుగా పడుతూనే ఉంది, ఎవరికీ నష్టం రాలేదు. మా మనవరాలు ఫోన్లో సినిమాల గురించి మాట్లాడే ఉద్యోగంలో చేరాకే వచ్చింది చిక్కు. నవ్వకండి, అదీ ఉద్యోగమే. వాళ్ళ నాన్న ముప్ఫై ఏళ్ళు కుర్చీ అరిగేలా కూర్చుని తెచ్చుకోని గౌరవం ఇది మూడు నెలల్లో తెచ్చుకుంది. ఒకరోజు నన్ను తోడు తీసుకెళ్ళి, రెండో సగంలో నేను గురక పెడుతుంటే సరదాకి వీడియో తీసింది. "మా నానమ్మ రివ్యూ: ఇరవై రెండు నిమిషాలు" అని రాసి వదిలింది. సాయంత్రం ఆటకి ఆ హాల్లో ఈగలు కూడా లేవు.

అప్పటినుంచీ మా ఊళ్ళో సినిమాల మంచిచెడ్డలు తేల్చే భారం నా కనురెప్పల మీద పడింది. చుక్కలు పెట్టి మార్కులు వేసే పాత పద్ధతి పోయింది. ఇప్పుడందరూ అడిగేది ఒకటే, మామ్మగారు ఎన్ని నిమిషాలు పడుకున్నారు? పది లోపు హిట్టు. పది నుంచి ఇరవై, ఒకసారి చూడొచ్చు. ఇరవై దాటితే సోమవారానికి బొమ్మ ఎత్తేస్తారు. ఇది పూర్తిగా శాస్త్రీయమైన పద్ధతి అని పెద్దలంతా అంటున్నారు. అయ్యే ఉంటుంది. లెక్క తీసేటప్పుడు నేను మెలకువగా ఉండను కదా.

ఇంత పెద్ద బాధ్యతని గాలికి వదిలేయకూడదని ఒక నిద్రా పరిశీలన సంఘం ఏర్పడింది. టైర్ల కొట్టాయన అధ్యక్షుడు. ఆయన అంతకుముందే పెద్ద హీరో అభిమాన సంఘానికి కూడా అధ్యక్షుడు కాబట్టి నిష్పక్షపాతం గురించి ఆయనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. నాకు అటొకరు, ఇటొకరు ఫోన్లో గడియారం పెట్టుకుని కూర్చుంటారు. కళ్ళు ఎనిమిది సెకన్లు మూస్తే నిద్ర కింద లెక్క. గురక పెడితే రెట్టింపు. కళ్ళజోడు తుడుచుకునే సమయం మినహాయింపు. కళ్ళు మూసుకుని ఏడిస్తే సగం. ఈ ఆఖరి నియమం మీద మూడు సమావేశాలు జరిగాయి, ఒక కుర్చీ విరిగింది.

అభిమానుల ఆదరణ గురించి ఎంత చెప్పినా తక్కువే. పెద్ద హీరో సినిమా వస్తే టైర్ల కొట్టాయన ఉదయం ఆరింటికే ఫ్లాస్కు నిండా చిక్కటి కాఫీ పంపేవాడు. అవతలి హీరో అభిమానులు ఆరుంపావుకి వేడివేడి పాలు, మెత్తటి దిండు పంపేవాళ్ళు. కన్నకొడుకులు కూడా నన్నింత బాగా చూసుకోలేదు. దిండు ఇప్పటికీ వాడుతున్నాను.

సినిమాలు తీసేవాళ్ళు కూడా కళాదృష్టిని పెంచుకున్నారు. మొన్న ఒక సినిమాలో హీరో తల్లి ఆసుపత్రిలో కన్నుమూస్తుంటే కిటికీ అవతల లారీ పేలింది. లారీకీ తల్లికీ సంబంధం ఏమిటని ఎవరో అడిగితే, "ఆ సీను దగ్గర మామ్మగారు తూగుతారని ముందే కబురొచ్చింది" అన్నాడట డైరెక్టరు. ఇంకో సినిమాలో హీరో పది నిమిషాలకోసారి తెర మీంచి వేలు చూపించి "కళ్ళు తెరువ్!" అని అరుస్తాడు. విలన్ని అన్నాడనుకుని జనం ఈలలు వేశారు. నన్నే అన్నాడని నాకు తెలుసు. ఆ సినిమాకి మూడు నిమిషాలే వచ్చింది. వంద రోజులు ఆడింది. చెవి డాక్టరు దగ్గరికి నేను తిరగడం మొదలై కూడా అన్ని రోజులే.

ప్రేక్షకుల అభిరుచి కూడా పెరిగింది. ఒకప్పుడు ముందు వరస టిక్కెట్లు ఎవరికీ అక్కర్లేదు, మెడ పట్టేస్తుందని. ఇప్పుడు మొదట అయిపోయేవి అవే. అక్కడ కూర్చుని వెనక్కి తిరిగితే నా ముఖం చక్కగా కనిపిస్తుంది.

మా మేడ మీద ఒక అమ్మాయి ఉంటుంది. పగలు కళ్ళ డాక్టరు దగ్గర పేర్లు రాసుకునే పని. మిగతా వేళల్లో మూడేళ్ళ పాటు మూడు కాళ్ళ కెమెరా స్టాండు భుజాన వేసుకుని మా మెట్లు ఎక్కి దిగింది. ఎక్కేటప్పుడు ప్రతిసారీ నా తలుపుకి తగిలించేది, "సారీ మామ్మగారూ" అనేది. అలా మూడేళ్ళలో ఒక సినిమా తీసింది. ఒక ఇస్త్రీ ఆవిడ, ఆవిడ కూతురు, ఇద్దరి మధ్యా మాటల్లేవు, వానాకాలం. అంతే కథ.

హాలు మేనేజరు దయాగుణం కలవాడు. "మూడు రోజులు ఇస్తానమ్మా. మామ్మగారు ఇరవై లోపు పడుకుంటే ఇంకో వారం. లేదంటే సోమవారం పొద్దున లారీల సినిమా వేసుకుంటాను. నా చేతుల్లో ఏముంది చెప్పు, అంతా ఆవిడ కళ్ళల్లోనే ఉంది" అన్నాడు.

గురువారం ఆ పిల్ల మా వంటింటి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మామ్మగారూ, ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. నిద్రొస్తే కాస్త బయటికెళ్ళి పడుకుంటారా?"

"నీ బొమ్మకి నేనెందుకు పడుకుంటానే? గిచ్చుకుని మరీ కూర్చుంటాను."

"మూడేళ్ళండీ."

"నాకు తెలియదుటే? నా తలుపు రంగంతా నువ్వే ఊడగొట్టావు."

పిల్ల నవ్వింది. కానీ పొయ్యి దగ్గరున్న మా మనవరాలు నవ్వలేదు. "నానమ్మా, గిచ్చుకోవడాలూ అవీ పెట్టుకోకు. నువ్వు నటిస్తే నా నమ్మకం పోతుంది. నీ నిద్రకి జనంలో విలువుంది" అంది. డెబ్బై మూడేళ్ళ వయసులో నాలో విలువైనదేదో ఒకటుందని ఇంట్లోవాళ్ళు గుర్తించినందుకు సంతోషించాను.

శుక్రవారం కాఫీ రాలేదు, పాలూ రాలేదు. హీరో లేని సినిమాకి ఎవరు పంపుతారు? నేనే కలుపుకుని తాగి వెళ్ళాను. బొమ్మ మొదలైంది. తెర మీద వాన. ఇస్త్రీ పెట్టె మెల్లగా అటూ ఇటూ కదులుతోంది. ఎవరూ అరవలేదు, ఏదీ పేలలేదు. ఆవిడ చొక్కా మడత పెడుతుంటే కూతురు గుమ్మంలోంచి చూసి వెళ్ళిపోయింది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కూడా అలాగే, నాతో మాట్లాడకుండా నా బట్టలు మడత పెట్టేది. నెలల తరబడి లారీలు పేలి పేలి బిగుసుకున్న ఒళ్ళు ఎవరో జోకొట్టినట్టు వదులైంది. బొమ్మ ఎంత బాగుందో అనుకున్నాను. అదే ఆఖరున అనుకున్న మాట.

లేచేసరికి పక్కవాళ్ళు సంతకాలు చేస్తున్నారు.

ఆ పిల్ల హాలు గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఉంది. నన్ను చూసి "కాళ్ళు తిమ్మిరెక్కాయా మామ్మగారూ?" అని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది. తిట్టినా బాగుండేది.

బయట ఫోన్లు ముఖం మీద పెట్టారు. అందరికీ వినిపించేలా చెప్పాను. "బాబూ, బొమ్మ విసుగ్గా ఉండి పడుకోలేదు. హాయిగా ఉండి పడుకున్నాను. మా ఆయన పోయాక ఇంత మంచి నిద్ర ఇదే. వెళ్ళి చూడండి."

టైర్ల కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. "మామ్మగారి మాట మీద మాకు అపారమైన గౌరవం. అయితే ప్రజలు గమనించాల్సింది ఏమిటంటే, అభిప్రాయం ఆవిడ వ్యక్తిగతం, నిద్ర మాత్రం ప్రజలది. వ్యక్తిగత అభిప్రాయాలతో ప్రజల నిద్రని ప్రభావితం చేయడాన్ని సంఘం తీవ్రంగా ఖండిస్తోంది." చప్పట్లు మోగాయి. నాకూ అలవాటు కొద్దీ చేతులు లేచాయి.

శనివారం పాలు పోసేవాడు, "సాగదీసి చంపిందటగా మామ్మగారూ" అన్నాడు. చూశావా అంటే, "చూడకుండానే తెలుస్తోందిగా" అన్నాడు. శుక్రవారం ముందు వరసలో కూర్చున్న పక్కింటావిడ కూడా అదే మాట అంది. ఆ ఇస్త్రీ ఆవిడ ఎలా ఉందే అని అడిగితే, "ఏ ఇస్త్రీ ఆవిడ?" అంది. సోమవారం బొమ్మ ఎత్తేశారు.

ఎత్తేసిన గంటలో మా ఊరికి బాధ మొదలైంది. మంచి సినిమాని బతకనివ్వలేదని ఒకరు రాశారు. మనకి అభిరుచి లేదని ఇంకొకరు ఏడ్చారు. ఇలాంటి రత్నాలు వేరే దేశాల్లోనే ఆడతాయని ఆ దేశాలు చూడనివాళ్ళు చెప్పారు. మంగళవారానికి దుఃఖం పట్టలేని స్థాయికి చేరడంతో, బుధవారం మధ్యాహ్నం అదే హాల్లో "మంచి చిత్రాలు ఎందుకు ఆడవు?" అన్న విషయం మీద సభ పెట్టారు. అధ్యక్షత టైర్ల కొట్టాయన.

హాలు కిటకిటలాడింది. ఆఫీసులకి సెలవు పెట్టి మరీ వచ్చారు. నడవలో కుర్చీలు వేయాల్సొచ్చింది. రెండున్నర గంటలు ఉపన్యాసాలు సాగాయి. ఇస్త్రీ పెట్టె దేనికి సంకేతమో ఒకాయన అరగంట వివరించాడు. అధ్యక్షులవారు మాట్లాడుతూ "ఈ చిత్రాన్ని చంపింది ఎవరు? మనమే! మనమే!" అని బల్ల గుద్దారు. తమని తామింత ధైర్యంగా తిట్టుకోగలిగినందుకు జనం పరవశించి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకి శాలువా కప్పారు.

పిల్ల మైకు అందుకుంది. "చాలా సంతోషమండీ. బొమ్మ ఇంకా ఇక్కడే, మెషిను గదిలో ఉంది. గంటా నలభై నిమిషాలు. మీరందరూ ఉన్నారు కదా, ఇప్పుడు వేయించమంటారా?"

హాలంతా కుర్చీలు కిర్రుమన్నాయి.

"అయ్యో, ఫోన్లోకి వస్తుంది కదమ్మా, తీరిగ్గా చూస్తాం."

"ఇలాంటి బొమ్మ హడావిడిగా చూడకూడదు తల్లీ, మనసు పెట్టాలి."

"నేను రివ్యూలన్నీ చూశానమ్మా, అదే కళ్ళకి కట్టినట్టుంది."

అధ్యక్షులవారు పిల్ల తల మీద చెయ్యి పెట్టి, "నీ సినిమా మా గుండెల్లో ఆడుతోందమ్మా, తెర మీద ఆడక్కర్లేదు" అని ఆశీర్వదించి చెప్పులు వెతుక్కున్నారు.

పది నిమిషాల్లో హాలు ఖాళీ. నేను మధ్య వరసలోకి వెళ్ళి కూర్చున్నాను. పిల్ల శాలువా మడత పెట్టుకుంటూ నా పక్కకి వచ్చింది.

"మీరు పడుకున్న చోటి నుంచి వేయమననా మామ్మగారూ?"

"కాదే. మొదటినుంచీ వేయమను. నిద్రొస్తే లేపు, నీకా హక్కుంది."

మా మనవరాలు ఫోను పట్టుకుని ఒక నిమిషం నిలబడింది. "నానమ్మా, టైము పెట్టనా?" అంది. నేను పక్క సీటు మీద చేత్తో తట్టాను. అది ఫోను సంచిలో పడేసి నాకు ఇటుపక్క కూర్చుంది.

మీలో చాలామంది ఆ సభలో ఉన్నారు. "మనమే!" అన్నప్పుడు ముందుగా లేచి చప్పట్లు కొట్టింది మీరే. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. మీరు వెళ్ళేటప్పుడు హాలు తలుపు జాగ్రత్తగా మూసి వెళ్ళారు, దానికి ధన్యవాదాలు చెప్పుకోవాలని రాశాను. హాలంతా మంచి చీకటి పడింది. బొమ్మ చాలా స్పష్టంగా కనిపించింది.