మూడు కిలోల దొంగతనం

ఆ రోజు సాయంత్రం నాలుగు గంటలకు స్టోర్‌కీపరు పదవీ విరమణ. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ సైన్సు కాలేజీ స్టోర్‌రూము తాళాలు ఆయన నడుముకే వేలాడాయి. ఇన్నేళ్ళలో ఒక్క గాజు గొట్టం కూడా తగ్గలేదు. "దానంతట అదే పోయింది సార్" అనే అటెండర్ల మాట ఆయన దగ్గర చెల్లేది కాదు, దొరికేదాకా వెతికించేవాడు. "స్టోరులో ఏ వస్తువూ లోటు లేదు" అని ప్రిన్సిపాల్ సంతకం పెట్టిన కాగితం చేతిలో పడితే చాలు, ఆయనకు ఇక ఈ లోకంతో పేచీ లేదు. ఆ కాగితం కోసమే ఉదయం తొమ్మిదిన్నరకే వచ్చి, అరలన్నీ దులిపించి, కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

పదింటికి ఒక థర్మోకోల్ పెట్టె వచ్చింది. కెమిస్ట్రీ మేడమ్ మధ్యాహ్నం పిల్లలకు చూపించడానికి తెప్పించిన డ్రై ఐస్. ఆ కాలేజీకి అది రావడం అదే మొదటిసారి. "ఒట్టి చేత్తో ముట్టుకోకండి సార్, ఈ పెట్టెలోంచి తీయకండి, మూత గట్టిగా బిగించకండి," అని తెచ్చినతను మూడు జాగ్రత్తలు చెప్పి వెళ్ళాడు. వాటిలో మొదటిదొక్కటే ఆయనకు సబబుగా తోచింది. ప్యాకింగుతో సహా సరుకు దాచే అలవాటు ఆయనకు లేదు. తోలు తొడుగులు వేసుకుని, ముక్కలన్నీ పళ్ళెంలోకి తీసి తూచాడు. సరిగ్గా మూడు కిలోలు. పెట్టెను చెత్తలోకి, పళ్ళేన్ని ఇనుప బీరువాలోకి పంపి, తాళం రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

పదకొండింటికి మనసాగక మళ్ళీ తూచాడు. రెండు కిలోల ఆరు వందల గ్రాములు!

కరిగిందేమోనని చూస్తే, బీరువా అరలో పరిచిన పాత పేపరు మీద ఒక్క తడి మరక లేదు. నీళ్ళు లేవు కాబట్టి కరగలేదు. కరగలేదు కాబట్టి ఎవరో తీశారు. తాళం విరగలేదు కాబట్టి తీసినవాడు లోపలివాడే. లోపల ఆయనతో పాటు ఉన్నది అటెండరు ఒక్కడు. ఆ అటెండరు ఆయన సొంత బావమరిది.

"ఒరేయ్, బీరువా జోలికెళ్ళావా?"

"నేనెందుకెళ్తాను బావా? తాళాలు నీ నడుముకే ఉన్నాయి కదా."

"అదే అడుగుతున్నా. నా నడుముకుండగా ఎలా తీశావని."

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన ఆ నలభై అయిదేళ్ళ బావమరిది చేత సంచీ బోర్లించాడు, భోజనం క్యారియరు గిన్నె గిన్నెకీ మూత తీయించాడు. చివరి మూత పెట్టుకుంటూ బావమరిది, "సరే బావగారూ," అన్నాడు. అతని నోట "గారూ" వచ్చిందంటే సంగతి అక్కగారి దాకా వెళ్తుందని అర్థం.

అయిదు నిమిషాల్లో ఫోను మోగింది.

"ఏమండీ, మా తమ్ముణ్ణి దొంగన్నారట?"

"అనలేదే. ఊరికే సంచీ చూశాను."

"అయితే త్వరగా ఇంటికి రండి, నా సంచీ కూడా చూద్దురు గాని. సర్దుకుంటున్నాను."

నుదుటి చెమట తుడుచుకుని పన్నెండింటికి మళ్ళీ తూచాడు. రెండు కిలోల రెండు వందలు. ఆ గంటసేపూ బావమరిది ఎదురుగానే, ముఖం మాడ్చుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఇంకొకరైతే అక్కడైనా అనుమానం మానుకునేవారు. వీడికి తోడుదొంగ ఉన్నాడని ఆయన తేల్చుకున్నాడు. మేడమ్‌కు ఫోను చేస్తే, పై అంతస్తులో పరీక్ష డ్యూటీలో ఉండి తీయలేదు.

ఇక లాభం లేదని ఒక ఖాళీ రేకు డబ్బా దించాడు. మిగిలిన ముక్కలన్నీ అందులో పోసి, మూతను చుట్టూ సుత్తితో కొట్టి బిగించి, పైన లక్క ముద్ర వేశాడు. డబ్బాను మూల బల్ల మీద పెట్టి, ఎదురుగా గుమ్మంలో కాపలా కూర్చున్నాడు.

పావుగంట గడిచింది.

"బావగారూ, డబ్బా బలుస్తోంది."

"దొంగలు పడితే తగ్గాలి గాని బలుస్తుందట్రా? నోర్ముయ్!"

ఢామ్మంది. మూత లేచి పైకప్పుకు తగిలింది. సున్నం పెళ్ళలు రాలాయి. కింద అంతస్తులో "గ్యాసు పేలింది" అన్న మాట పై అంతస్తు చేరేసరికి "గోడ కూలింది" అయింది. ప్రమాదం గంట కొట్టే పని అటెండరుది. ఉదయం నుంచి ఉన్న కసంతా తీరేలా కొట్టాడు. పరీక్ష ఆగిపోయింది. నాలుగు వందల మంది మైదానంలో పడ్డారు. ప్రిన్సిపాల్ ఒంటికాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చారు.

కెమిస్ట్రీ మేడమ్ స్టోర్‌రూము కిటికీలన్నీ తెరిపించి, డబ్బాలోంచి తెల్లగా పొర్లుతున్నదాన్ని చూసి తల పట్టుకుంది.

"ఇది కరగదండీ. గట్టి పదార్థంలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నచోటే వణుకుతుంటాయి. వేడి తగిలితే పట్టు సడలుతుంది. మామూలు ఐసైతే ఒకదాని పక్కన ఒకటి జారుతూ నీళ్ళవుతుంది. ఇది మామూలుగా ఆ నీళ్ళ మెట్టు తొక్కదు. ఏ కణం దారి అది చూసుకుని నేరుగా గాలైపోతుంది. ఆ గాలికి బోలెడంత చోటు కావాలి. మీరేమో మూత బిగించారు."

"బీరువాకి తాళం వేశాను కదమ్మా!"

"బీరువాకే కదండీ వేశారు. సందుల్లోంచి పోయింది."

ఆయనకు సిగ్గుతో తల దించుకోవలసి వచ్చింది. డబ్బా పేలినందుకు కాదు, క్యారియరు మూతలు తీయించినందుకు. "తప్పు నాదేరా," అన్నాడు బావమరిదితో.

"ఆ మాట అక్కకు చెప్పు బావా," అంటూ అతను నంబరు కలిపి ఫోను చేతికిచ్చాడు.

నాలుగింటికి ప్రిన్సిపాల్ కాగితం ముందు పెట్టుకున్నారు. "మూడు కిలోలు వచ్చింది. ఇప్పుడు లేదు. లోటని రాయాలా?"

"పాఠానికి వాడామని రాసేయండి సార్," అంది మేడమ్ జాలిపడి.

"ఈ గొడవలో పాఠం జరగలేదు కదమ్మా," అన్నాడు స్టోర్‌కీపరు. అబద్ధం రాయించుకున్న కాగితం ఆయనకు అక్కర్లేదు. ఆ కాగితం లేకుండా ఇంటికి వెళ్ళడమూ చేతకాదు. రిజిస్టరు ముందుకు లాక్కుని, సొంత చేతిరాతతో రాశాడు: "దానంతట అదే పోయింది."

మేడమ్ "నిజమే" అని సాక్షి సంతకం చేసింది. ప్రిన్సిపాల్ లోటు లేదని ముద్ర కొట్టారు.

అటెండర్లు ముప్పై ఒక్క ఏళ్ళుగా చెబుతూ వచ్చిన ఆ కారణాన్ని స్టోర్‌రూము ఒప్పుకోవడం అదే మొదటిసారి.